మెషీన్ ఎప్పుడు ఆగింది

నవంబరు 14, గురువారం

ఈ డైరీ జనవరిలో యూనియన్ ఆఫీసులో ఇచ్చారు. పది నెలలుగా బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. ఇవాళ తీసి తుడిచాను. ఎవరితో మాట్లాడబోయినా నోరు ఒకటి అనబోయి ఇంకోటి అంటోంది. రాస్తే నయమేమో.

మొన్న మంగళవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి రత్నం బాత్రూములో జారి పడింది. తల వెనక భాగం గుమ్మం గట్టుకి కొట్టుకుంది. శబ్దం విని పరిగెత్తాను. పిండిన దుప్పట్ల బకెట్టు బోర్లా పడి ఉంది. పక్కన తను. రక్తం పెద్దగా లేదు, అందుకని మొదట భయం వెయ్యలేదు. పిలిస్తే పలకలేదు. అప్పుడు వేసింది. లోపల రక్తం గడ్డ కట్టిందని ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఇంకా కళ్ళు తెరవలేదు.

ఐసీయూలోకి పొద్దున్న పావుగంట, సాయంత్రం పావుగంట పంపుతారు. ఒక్కరినే. ఇవాళ పొద్దున్న మా అమ్మాయి హేమశ్రీ వెళ్ళింది. బయట బెంచీ మీద నేనూ ఎల్లారావూ కూర్చున్నాం. ఎల్లారావు రత్నం తమ్ముడు. పోర్టులో క్రేను నడుపుతాడు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చేశాడు, చొక్కా నిండా బొగ్గు ధూళి.

"బావా, ఇంట్లో మెషీన్ ఉండగా అక్క అన్నేసి దుప్పట్లు సేత్తో ఎందుకు ఉతికినాది?" అన్నాడు.

"మెషీన్ ఆగిపోనాదిరా. ఆ రోజు పొద్దున్నే."

"ఓలమ్మ. ఆ రోజే ఆగాలేటి?"

"ఆ రోజే," అన్నాను.

నవంబరు 15

సెలవు పెట్టాను. ఆసుపత్రి నుంచి పదకొండుకి ఇంటికొస్తాను, నాలుగుకి మళ్ళీ వెళ్ళాలి. ఆ మధ్య టైము ఇంట్లో ఉత్తినే కూర్చోలేను. మెషీన్ గోడ దగ్గర్నుంచి ముందుకి లాగాను. రత్నం ఇంటికొచ్చేసరికి ఇది బాగై ఉండాలి.

స్టీల్ ప్లాంటులో ఫిట్టర్ని, అక్కడి లాగ్‌బుక్కులో రాసినట్టే రాస్తాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

కంప్లైంట్: నీళ్ళు నిండుతాయి. నిండాక ఊఁ అని మూలుగుతుంది. అడుగున చక్రం తిరగదు. కాసేపటికి మూలుగూ ఆగిపోతుంది.

చూసినవి: ప్లగ్గు, నీళ్ళ పైపు, మూత. అన్నీ బాగానే ఉన్నాయి.

ఆ మూలుగు గురించి రత్నం చెప్పింది. నేను చెవిపెట్టి వినడం ఇవాళే.

నవంబరు 16

వెనక రేకు విప్పాను. మూడు స్క్రూలు తేలిగ్గా వచ్చాయి, నాలుగోది తుప్పు. కిరసనాయిలు చుక్క వేసి గంట ఆగాను. బెల్టు చూశాను. పగుళ్ళు లేవు. కొంచెం వదులనిపించింది. మోటారు బోల్టులు సడలించి వెనక్కి జరిపి మళ్ళీ బిగించాను. వేలితో నొక్కితే అర అంగుళం ఆడుతోంది, అంతే ఉండాలి. ఇదే ఫాల్టు అనుకున్నాను. చాలా సంతోషం వేసింది.

నీళ్ళు పెట్టి చూశాను. ఊఁ అంది. తిరగలేదు.

రత్నం అలాగే ఉంది. డాక్టరుగారు చెప్పడానికేమీ లేదన్నారు.

నవంబరు 17, ఆదివారం

ఇవాళ ఐసీయూలోకి వెళ్ళి వచ్చిన హేమ బెంచీ మీద నా పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడింది. అది తగరపువలసలో ఒక ల్యాబులో రక్తం తీసే టెక్నీషియన్. రోజుకి వందమంది చేతులు చూస్తుంది.

"నాన్నా, అమ్మ చేతులు చూశావా?"

"ఏటైంది?"

"వేళ్ళ సందుల్లో చర్మం ఊడిపోయింది. అరిచేతుల నిండా పగుళ్ళు. సబ్బునీళ్ళలో నానితే వస్తాయి అలాంటివి."

"ఆ రోజు దుప్పట్లు ఉతికినాది కదమ్మా."

"ఒక్క రోజుకి రావు నాన్నా."

నేను జవాబు చెప్పేలోగా నర్సు మందుల చీటీ ఇచ్చింది. తీసుకుని కిందికి వెళ్ళిపోయాను. ఫార్మసీ దగ్గర ఎవరూ లేరు. అయినా చాలాసేపటికి గాని పైకి రాలేదు.

నవంబరు 18

పుల్లీ, గేరు బాక్సు చూశాను. చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఎక్కడా పట్టెయ్యలేదు. బేరింగు శబ్దం లేదు.

ప్లాంటులో మా రోలింగ్ మిల్లులో ఏ షిఫ్టులో ఏది ఆగినా నాకే కబురు. ఇంటికి జీపు పంపించిన రోజులున్నాయి. "గురునాథరావు వచ్చాడా? ఇంక పదండి, టీ తాగుదాం," అనేవారు ఇంజనీర్లు. గేరు బాక్సు మీద చెయ్యి పెట్టి లోపల ఏ పన్ను విరిగిందో చెప్పేవాణ్ణి. ఇది ఇంత బుల్లి మెషీన్.

నవంబరు 19

ఏమీ లేదు. అక్కడా, ఇక్కడా.

నవంబరు 20

ఇది నా డైరీ. ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాయడం ఎందుకు?

మెషీన్ ఆగింది ఆ రోజు కాదు. వినాయక చవితి వెళ్ళిన వారంలో. అంటే రెండు నెలలు దాటింది.

అప్పుడు మిల్లు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని నడుస్తోంది. పన్నెండేసి గంటలు డ్యూటీ. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పులిసిపోయేది. ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను, ఇది నిజమే. రత్నం చెప్పింది, "మెషీన్ తిరగట్లేదండి, ఒకసారి సూడండి," అని. ఆదివారం చూస్తానన్నాను. ఆదివారం వచ్చింది. పడుకున్నాను. మళ్ళీ ఆదివారం వచ్చింది.

షట్‌డౌన్ దసరాకి అయిపోయింది. ఇదీ నిజమే.

నవంబరు 21

నిన్న రాసింది చదువుకున్నాను. ఆ కాగితం చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

నవంబరు 22

అడుగున చక్రం ఊడదీశాను. మధ్య స్క్రూ తుప్పు పట్టి తల అరిగిపోయింది, డ్రిల్లు పెట్టాల్సి వచ్చింది. చక్రం కింద నల్లటి బంక. అందులో జడపిన్నులు నాలుగు, నా యూనిఫాం గుండీ ఒకటి, కరివేపాకు రెబ్బ. వీటి వల్లే పట్టేసిందనుకున్నాను. పాత టూత్‌బ్రష్ పెట్టి బంకంతా కడిగాను. చక్రం లోపలి పళ్ళు చూశాను, అరగలేదు. కొత్త స్క్రూ వేసి బిగించాను.

ఊఁ అంది. తిరగలేదు.

దాని మీద ఒక్క గుద్దు గుద్దాను. పక్క పోర్షన్ గురువమ్మగారు వచ్చి కిటికీలోంచి చూసి, "ఏటైనాది బాబూ, రత్నానికి ఏటైనా..." అంది. ఏమీ లేదండి అన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక అక్కడే గచ్చు మీద కూలబడ్డాను. ఆ గచ్చు మీదే రత్నం రోజూ పీట వేసుకుని ఉతికేది.

నవంబరు 23, శనివారం

కళ్ళు తెరిచింది.

సాయంత్రం నా వంతు. పేరు పెట్టి పిలిస్తే చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలీదు. కుడి చెయ్యి, కుడి కాలు కదలట్లేదు. మాట రాలేదు. డాక్టరుగారు, "వస్తుంది, కానీ ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేం," అన్నారు. ఎల్లారావు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సంతోషంతో. నన్ను వాటేసుకుని, "అక్క బతికీసింది బావా, నువ్వు ఎమ్మటే ఆసుపత్రికి తెచ్చావు గాబట్టి బతికీసింది," అన్నాడు.

వాడి చేతులు విడిపించుకోవడానికి ఎంత కష్టమైందో.

నవంబరు 25

ఇంక నా వల్ల కాలేదు. ముప్ఫై ఏళ్ళ ఫిట్టర్ని, చేతులెత్తేశాను. కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర అప్పలసూరి అని వాషింగ్ మెషీన్ల స్పేర్లు అమ్ముతాడు. చిన్న కొట్టు. ఇదివరకు ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళి చేసిందంతా చెప్పాను. బెల్టు, బేరింగు, గేరు బాక్సు, అడుగు చక్రం. అతను తల ఊపుతూ విన్నాడు.

"మూలుగుతాంది, తిరగట్నేదు. అంతే కదా అన్నయ్యా? సేత్తో తిప్పితే మటుకు ఫ్రీగా తిరుగుతాంది."

"అవును."

"మరి కెపాసిటర్ మార్చినారా?"

నేను మెకానికల్ ఫిట్టర్ని. ఏది ఆగినా నట్లూ బోల్టులూ పళ్ళూ చూస్తాను. కరెంటు వైపు నా బుర్ర పోనే పోలేదు.

"మోటారుకి మొదటి తోపు ఇచ్చేది అదే అన్నయ్యా. అది పోతే మోటారు లెగనేదు, పడుకుని మూలుగుతాది. పది నిమిషాల పని. మోడల్ నంబరు సెప్పండి."

రాసుకెళ్ళిన కాగితం ఇచ్చాను. చూసి ఆగాడు.

"ఈ నంబరు పాతది. ఇప్పుడు ఎవులూ వాడట్నేదు. దసరా ముందర ఒక అక్క ఇదే నంబరు క్యాలెండరు ముక్క మీద రాసుకొచ్చినాది. పొట్టిగా, ఎర్రగా ఉంటాది. ఇలాగే మూలుగుతాందని సెప్పినాది. కుర్రోణ్ణి పంపుతాను, పది నిమిషాల్లో సేసి వచ్చేత్తాడు అన్నాను. వద్దనేసినాది."

"ఎందుకు?" అన్నాను.

"'మా ఆయన పెద్ద ఫిట్టరు బాబూ. బయటోళ్ళు వచ్చి ముట్టుకుంటే ఆయనకి సిన్నతనంగా ఉంటాది. ఆయనే సేత్తారు, ఖాళీ దొరకాల గాని,' అన్నాది. ఆ కెపాసిటర్ మటుకు అడిగినాది, ఇంట్లో పెట్టుకుంటానని. ఆ రోజు స్టాకు నేదు. ఏం అన్నయ్యా, ఆ అక్క మీకు తెలుసా?"

తెలీదన్నాను.

నవంబరు 26

అప్పలసూరి కొట్లో నిన్న అన్న మాట రాసి చాలాసేపు చూశాను. తెలీదన్నాను. నా భార్య నాకు తెలీదన్నాను.

'ఆయనకి సిన్నతనం' అన్న మాట రత్నం ఎక్కడి నుంచి తెచ్చిందో నాకు తెలుసు. సెప్టెంబరు నెలాఖరు. అన్నం పెడుతూ అంది, "పోనీ మెకానిక్కుని పిలిపించనా? పక్కవాళ్ళు ఒకతన్ని..." అని. కంచం తోసేశాను. "నాను సచ్చినానేటి? ఫిట్టరు ఇంట్లోకి మెకానిక్కా? జనం నవ్వరేటి?" అని అరిచాను. కంచం కింద పడింది. తను వంగి మెతుకులు ఏరింది. ఆ తర్వాత మెషీన్ ఊసెత్తలేదు.

ఎత్తలేదు గనక నేను మరిచిపోయాను. దండెం మీద బట్టలు ఆరుతూనే ఉన్నాయి, ఉతికిన యూనిఫాం రోజూ మడతపెట్టి ఉంటోంది. ఇంక మెషీన్ సంగతి నాకెందుకు గుర్తుంటుంది?

మధ్యాహ్నం అప్పలసూరి దగ్గర కొన్న కెపాసిటర్ బిగించాను. అరచేతిలో పట్టే డబ్బా. రెండు తీగెలు, ఒక క్లిప్పు. ప్లగ్గు తీయడం, పెట్టడంతో కలిపి ఎనిమిది నిమిషాలు పట్టింది.

తిరిగింది.

ఇటు తిరిగి ఆగి, అటు తిరిగి ఆగి, నీళ్ళని గిలకొట్టింది. లోపల బట్టల్లేవు. అలాగే చూస్తూ నిలబడ్డాను. మూడుసార్లు నీళ్ళు మార్చుకుని, అంతా అయ్యాక కూత వేసి ఆగింది. అప్పుడు టైము చూసుకున్నాను. ఐసీయూ సాయంత్రం పావుగంట దాటిపోయింది. హేమ నాలుగుసార్లు ఫోను చేసి ఉంది.

నవంబరు 27

హేమ అడిగింది ఎందుకు రాలేదని. నిద్ర పట్టేసిందన్నాను.

నవంబరు 29

రత్నాన్ని వార్డులోకి మార్చారు. ఎడం చేత్తో నా చొక్కా గుండీ పట్టుకుంది. ఏదో అంది. అర్థం కాలేదు.

డిసెంబరు 2, సోమవారం

రత్నానికి మాట వస్తోంది. ఒక్కో మాటా నీళ్ళలోంచి తోడుతున్నట్టు, ఆగి ఆగి. ఇవాళ పొద్దున్న ముగ్గురం మంచం చుట్టూ ఉన్నాం. హేమ తల్లి అరిచేతులకి వాజలిన్ రాస్తోంది. రాస్తూ రాస్తూ మామూలుగా అడిగినట్టే అడిగింది.

"అమ్మా, మెషీన్ ఎప్పుడు ఆగిపోయింది?"

నేను కిటికీ వైపు చూశాను. రత్నం చూపు నా మీదుందని తెలుస్తోంది. చాలాసేపటికి అంది.

"ఆ... రోజే."

"ఆ రోజా? పడిపోయిన రోజా?"

"ఆ రోజే... పొద్దున్న."

నేను చెప్పిన అబద్ధం తనకి ఎవరూ చెప్పలేదు. నేను ఏమని ఉంటానో తనే ఊహించుకుంది. ఆపరేషన్ అయిన తలతో, కుడి పక్కంతా పోయి, మాట కూడగట్టుకుని, మొట్టమొదట చేసిన పని నన్ను కాయడం.

బయటికి వచ్చేశాను. వరండాలో గోడకి చేరబడ్డాను. ఎల్లారావు వెనకే వచ్చాడు. హేమ కూడా వచ్చింది.

"ఏటైంది బావా? అలగైపోనావేటి?"

"మెషీన్ ఆ రోజు ఆగనేదురా," అన్నాను. "వినాయక చవితికే ఆగిపోనాది. మీ అక్క సెప్పినాది. మెకానిక్కుని పిలుత్తానంది. నానే వద్దని అరిసినాను. రెండు నెల్లు సేత్తో ఉతికినాది."

ఎల్లారావు నా వైపు తిరిగాడు. "నాకొక ఫోన్ సేత్తే నాను రానా బావా?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక అడిగినట్టు. "నా ఇంటికి మూట కట్టి పంపినా ఉతికించి పంపేద్దును కదా. ఒక్క ఫోను."

హేమ చేతికి వాజలిన్ అంటుకుని ఉంది. దుపట్టాకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

డిసెంబరు 3

హేమ మాట్లాడలేదు.

డిసెంబరు 4

మాట్లాడలేదు.

డిసెంబరు 6, శుక్రవారం

ఇవాళ డిశ్చార్జి. ఇంట్లో మంచం కిటికీ పక్కకి జరిపి, బాత్రూము గోడకి పట్టుకునే కడ్డీ బిగించి, గచ్చు మీద గరుకు మ్యాట్ పరిచి వెళ్ళాను. ఆసుపత్రి గుమ్మం దగ్గర అంబులెన్సు తగరపువలస వైపు తిరిగి ఉంది.

"అమ్మ నాతో వస్తుంది," అంది హేమ.

"ఇల్లంతా సర్దేశానమ్మా. కడ్డీ కూడా బిగించాను."

"ఇప్పుడా నాన్నా?"

రత్నాన్ని స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే నా వైపు చూసింది. నేను కూడా ఎక్కబోయాను. లోపల ఒక్కరికే చోటుందన్నాడు డ్రైవరు. హేమ ఎక్కింది.

డిసెంబరు 8, ఆదివారం

తగరపువలస వెళ్ళాను. బస్సులో రెండు గంటలు. హేమ ఇల్లు మార్కెట్టు వెనక సందులో, మేడ మీద. డాబా నిండా రత్నం దుప్పట్లు ఆరుతున్నాయి. పక్క తడిసిపోతోందట రోజుకి మూడుసార్లు. అల్లుడు పిండుతుంటే హేమ ఆరేస్తోంది. వాళ్ళకి మెషీన్ లేదు.

"మన మెషీన్ బాగు సేశానమ్మా," అన్నాను. "రేపు ఆటో మాట్లాడి పంపించేత్తాను."

దుప్పటి విదిలిస్తూ ఆగింది. "అది నా గుమ్మం ఎక్కితే, నాన్నా, నేను పైనుంచి కిందికి తోసేస్తాను."

అల్లుడు తల వంచుకుని పిండుతూనే ఉన్నాడు. నేను బకెట్టు అందుకోబోయాను. హేమ బకెట్టు తన వైపు జరుపుకుంది.

డిసెంబరు 9

డ్యూటీలో చేరాను. పొద్దున్న షిఫ్టు. రెండింటికి దిగి తగరపువలస బస్సెక్కితే నాలుగున్నరకి అక్కడుంటాను. ఆరు గంటలకి తిరుగు బస్సు.

డిసెంబరు 11

మిల్లులో రెండు షాఫ్టుల్ని కలిపే కప్లింగు ఒకటి ఊడింది, పిలిచారు. వెళ్ళి నిలబడ్డాను. చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. "కరెంటు వైపు కూడా చూడండి," అని చెప్పి వచ్చేశాను. కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

డిసెంబరు 13

ఇంకొకటి రాయాలి. ఇది రాస్తానని అనుకోలేదు.

మొదటి రోజు రాశాను, శబ్దం విని పరిగెత్తానని. అది నిజం. దాని ముందరిది రాయలేదు.

ఆ వారం నాకు మంగళవారం వీక్లీ ఆఫ్ పడింది. హాల్లో మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాను. ఏం చూస్తున్నానో కూడా గుర్తు లేదు, అంత పనికిమాలినది. బాత్రూములోంచి రత్నం పిలిచింది, "ఏటండి, ఈ బకెట్టు కాస్త అందుకోండి, బరువుగా ఉంది," అని. నాకు వినిపించింది. లేవలేదు. మళ్ళీ పిలిచింది, "ఏటండి." "వత్తన్నాను," అన్నాను. అది కూడా గట్టిగా అనలేదు. పెదాల మీదే అన్నాను. లేవలేదు. ఇంకోసారి పిలుస్తుందిలే, అప్పుడు లేద్దాం అనుకున్నాను.

ఇంకోసారి పిలవలేదు. తనే ఎత్తుకుంది.

హాల్లోంచి బాత్రూముకి ఎనిమిది అడుగులు. నిన్న కొలిచాను.

హేమకి, ఎల్లారావుకి మెషీన్ సంగతి చెప్పాను. ఈ సంగతి చెప్పలేదు. మెషీన్ సంగతి ఒప్పుకున్నందుకే ఎల్లారావు, "పోన్లే బావా, మనసులో ఉన్నది సెప్పీసినావు," అని మొన్న నా భుజం తట్టాడు. అంతా చెప్పేశాననుకుంటున్నాడు. నేనూ అలాగే అనుకుందామని చూశాను.

డిసెంబరు 16

వెళ్ళాను. రత్నం పడుకుని ఉంది.

డిసెంబరు 17

వెళ్ళాను. ఫిజియోథెరపీ ఆవిడ వచ్చి కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతోంది. వదిలితే మళ్ళీ ముడుచుకుంటున్నాయి. నాకూ చూపించింది ఎలా విప్పాలో. ఇక నుంచి రోజూ వెళ్ళగానే కుడి పక్కన కుర్చీ వేసుకుని ఆ వేళ్ళు విప్పుతాను. ఇది ఒక్కటే హేమ నన్ను చెయ్యనిస్తున్న పని.

డిసెంబరు 19

మాట ఇంకొంచెం నయం. "బస్సులో... తిన్నారా," అని అడిగింది. తిన్నానన్నాను. తినలేదు.

డిసెంబరు 22, ఆదివారం

ఇవాళ పొద్దున్నే వెళ్ళిపోయాను. మధ్యాహ్నం హేమా అల్లుడూ మార్కెట్టుకి వెళ్ళారు. గదిలో మేమిద్దరమే. ఎప్పట్లాగే కుడి పక్కన కూర్చుని వేళ్ళు విప్పి నా రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను. అరచేతుల్లో పగుళ్ళు మానిపోయాయి. చర్మం పసిపిల్ల చర్మంలా ఉంది. నలభై రోజులుగా నీళ్ళలో పెట్టలేదు కదా.

రత్నం కిటికీలోంచి బయటికి చూస్తోంది. అలా చూస్తూనే అంది.

"ఆ రోజు... పిలిసినాను."

తలెత్తి చూశాను, ఇంకా కిటికీ వైపే ఉంది.

"రెండుసార్లు పిలిసినాను... మిమ్మల్ని."

అప్పుడు ఇటు తిరిగింది. మొహం ఎడం పక్క కొంచెం నవ్వినట్టయింది. కుడి పక్క కదలదు.

"మీకు... ఇనపడనేదు కదా?"

ఎంత సులువుగా అడిగిందో. జవాబు కూడా తనే అందించింది, తల ఊపితే చాలు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న తన తలలో పెట్టుకుని, నేను అవుననడానికి వీలుగా మలిచి, మాట సరిగ్గా వచ్చే రోజు దాకా ఆగి, ఎవరూ లేనప్పుడు అడిగింది. అవును, వినపడలేదు అంటే తనకి ఎంత హాయి! నాకోసం కాదు, తన కోసమైనా అందామనుకున్నాను. నిజంగా అందామనే నోరు తెరిచాను.

"ఇనపడింది రత్నం," అన్నాను. "రెండుసార్లూ ఇనపడింది. లెగనేదు."

నవ్వు ఒక్కసారే పోలేదు. దీపంలో నూనె అయిపోయినట్టు మెల్లగా పోయింది. నా మొహంలోకి చూసింది. ఇంకేమైనా చెబుతానేమోనని చూసిందేమో. చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. కళ్ళు మూసుకుంది. రెండు కళ్ళలోంచీ నీళ్ళు కారాయి. తుడవాలని చెయ్యి ఎత్తి, తుడవడానికి నేనెవర్ని అనిపించి దించేశాను.

తన చెయ్యి ఇంకా నా చేతుల్లోనే ఉంది. లాక్కోలేదు. అది చూసి ఒక్క క్షణం ఆశ పుట్టింది. మరుక్షణం గుర్తొచ్చింది. అది కుడి చెయ్యి. లాక్కోవాలనుకున్నా తన వల్ల కాదు.

మెల్లగా దుప్పటి మీద పెట్టేశాను. లేచి కుర్చీ ఎత్తుకుని మంచం ఇటు పక్కకి, ఎడం పక్కకి వచ్చాను. కూర్చుని నా అరచెయ్యి తెరిచి మంచం మీద, తన ఎడం చేతికి జానెడు దూరంలో పెట్టాను. ఆ చెయ్యి పని చేస్తుంది. పట్టుకోవాలంటే పట్టుకోగలదు, తోసెయ్యాలంటే తోసెయ్యగలదు.

రెండూ చెయ్యలేదు. గదిలోకి ఎండ వచ్చి, గోడెక్కి, వెళ్ళిపోయింది. హేమ వాళ్ళొచ్చారు. "ఆరవుతోంది, బస్సు పోతుంది," అంది హేమ, నా వైపు చూడకుండా.

లేచాను. "రేపు వత్తాను," అన్నాను. రత్నం కళ్ళు తెరవలేదు. రమ్మనలేదు, వద్దనలేదు.

డిసెంబరు 23

వెళ్ళాను. ఎడం పక్కనే కూర్చున్నాను.